తలపుకొక్కెం

అప్పటికి కాకినాడలో ఆఫీసుకు వెళ్లడమనే మాట పాతబడిపోయింది. ఆఫీసే ఇంటికి వచ్చి, మాట్లాడే తెరగా మారి గోడకెక్కి కూర్చుంది. సముద్రం రోడ్ల మీదికి వచ్చాక ఊరు ఊరంతటినీ స్తంభాల మీదికి ఎత్తి కట్టారు. పోటు వేళ వీధి కింద నీళ్లు, పాటు వేళ బురద. కూరగాయలు గాలిలో ఎగురుకుంటూ వచ్చి బాల్కనీలో దిగేవి. ఇల్లు తనను తానే ఊడ్చుకునేది. ఇన్ని మారినా, అమ్మ పనిలో కూర్చున్న మరుక్షణం పిల్లలకు దాహం వేయడం మాత్రం మారలేదు.

కావాలంటే అలివేణిని అడగండి. ఒకప్పుడు ఆమెకు గాలిమరల వైద్యురాలని పేరు. సముద్రంలో వరసలుగా నిలబెట్టిన కరెంటు గాలిమరల్లో ఏది వణికినా, ఏది మూలిగినా, ఆ వణుకుల లెక్కలు గోడ మీద చూసి ఇంట్లోంచే జబ్బు చెప్పేది. తర్వాత మేదిని పుట్టింది. మేదిని వెనకాలే తమ్ముడు బుజ్జిగాడు పుట్టాడు. చూస్తూ చూస్తూ ఉండగానే నాలుగేళ్లు ఇంటిపట్టునే గడిచిపోయాయి.

ఇప్పుడు మళ్లీ అదే కంపెనీలో చేరింది. చేరింది కానీ ఏడాదిపాటు పరీక్షాకాలం. పనితనం చూసి ఖాయం చేస్తారు, లేదంటే నమస్కారం పెట్టేస్తారు. ఆ ఉద్యోగం ఆమెకు కావాలి. ఇల్లు గడవక కాదు. భర్త శశిధర్ సముద్రం మీది ప్లాట్‌ఫారంలో ఇంజనీరు, నెలలో సగం రోజులు అక్కడే ఉంటాడు, అతని జీతం సరిపోతుంది. ఆమె భయం వేరే ఉంది. ఈ నాలుగేళ్లలో తనలో తెలివైన మనిషి ఒకర్తె నిద్రపోయింది, ఇప్పుడు లేపకపోతే ఇక లేవదేమో అని.

లేపడం ఏమంత తేలికా? గాలిమర జబ్బు పట్టుకోవాలంటే గాలి జోరు, కెరటాల ఊపు, ఇనుము అలసట, బేరింగు వేడి, అన్నీ ఒకేసారి మనసులో నిలుపుకోవాలి. నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచినట్టు నడవాలి. అంతలో పక్క గదిలోంచి "అమ్మా" అని వినపడుతుంది. బిందె కాస్తా బోర్లా పడుతుంది. దాహం తీర్చి వచ్చి మళ్లీ మొదటినుంచి నింపుకోవాలి. నిండీ నిండకుండానే ఇంకొకరికి ముక్కు కారుతుంది.

పిల్లల్ని చూసుకునే మరమనుషులు లేకపోలేదు. అలివేణి కూడా ఒకదాన్ని తెప్పించింది. అది అన్నం తినిపించేది, జోల పాడేది, ముక్కు తుడిచేది. పిల్లలు ఆ సేవలన్నీ దర్జాగా చేయించుకుని, దాని భుజం మీంచి తొంగి చూసి "అమ్మా" అనేవారు. నెల తిరక్కుండానే దాన్ని వెనక్కి పంపేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజమండ్రిలో డాక్టర్ జరీనా అనే మెదడు శాస్త్రవేత్త ఒక పరికరం కనిపెట్టింది. ఆవిడా పిల్లల్ని పెంచుకుంటూ పరిశోధన చేసిన మనిషే. అందరూ పిల్లల్ని ఎలా ఆపాలా అని ఆలోచిస్తుంటే, ఆవిడ ఆలోచననే కాసేపు ఆపి ఉంచలేమా అని ఆలోచించింది.

మనం ఒక విషయం మీద మనసు పెట్టినప్పుడు మెదడులో లక్షల నాడీకణాలు, అంటే న్యూరాన్లు, ఒక ప్రత్యేకమైన అల్లికలో వెలుగుతాయి. మనసు మరోవైపు తిరిగిందా, ఆ అల్లిక క్షణాల్లో విడిపోతుంది. జరీనా పరికరం బొట్టుబిళ్లంత ఉంటుంది. చెవి వెనకాల అంటించుకోవాలి. మనసు మళ్లే ఆ ఒక్క క్షణంలో అల్లిక నమూనాను అది పట్టేసుకుంటుంది. మనిషి తిరిగి వచ్చి కూర్చోగానే సన్నని విద్యుత్ తరంగాలతో మళ్లీ అదే అల్లికను వెలిగిస్తుంది. విప్పిన చొక్కా కొక్కేనికి తగిలించి, మళ్లీ తీసి తొడుక్కున్నట్టన్నమాట. అందుకే ఆవిడ దానికి తలపుకొక్కెం అని పేరు పెట్టింది. అమ్మేవాళ్లు మాత్రం డబ్బా మీద థాట్ హుక్ అని వేసుకున్నారు.

పరీక్ష కోసం కంపెనీ కొందరు ఉద్యోగులకు ఇచ్చిన కొక్కేలలో ఒకటి అలివేణికి వచ్చింది. మొదటిరోజు ఆమె లెక్కలో మునిగి ఉండగా మేదిని వచ్చి చెయ్యి పట్టుకుంది. ఉప్మా చల్లారిపోతోంది, రమ్మంది. లక్కపిడతల ఉప్మా. ఎన్ని రకాల బొమ్మలు వచ్చినా ఆ ఇంట్లో లక్కపిడతలకు తిరుగులేదు. అలివేణి వెళ్లి, కింద కూర్చుని, లేని ఉప్మాను చప్పుడు చేస్తూ తిని, ఉప్పు చాల్లేదని వంక పెట్టి, మారు వడ్డించుకుని మరీ వచ్చింది. గోడ ముందు కూర్చోగానే వదిలేసిన ఆలోచన వదిలేసిన చోటే, ఆరిపోకుండా దొరికింది. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తన బుర్రే పాడైపోయిందనుకుంది పిచ్చితల్లి.

కొన్ని నెలలు గడిచేసరికి ఇంకో వింత బయటపడింది. తగిలించి వెళ్లిన ఆలోచన ఉన్నచోట ఉండటం లేదు, తిరిగొచ్చేసరికి నాలుగడుగులు ముందుకు వెళ్లి ఉంటోంది. ఉప్మా తిని వచ్చేసరికి చిక్కు సగం విడిపోయి ఉంటోంది. చిన్నపిల్లలున్నవాళ్లు తక్కిన నిపుణులకంటే త్వరగా జబ్బులు చెబుతున్నారని కంపెనీ లెక్కల్లోనూ తేలింది. ఇదెలాగని అలివేణి అడిగితే, పరీక్ష ఎలా సాగుతోందో కనుక్కోవడానికి గోడ మీదికి వచ్చిన జరీనా నవ్వింది.

"తోడు పెట్టిన పాలండీ ఇవి. గిన్నె అక్కడ పెట్టి మన దారిన మనం పోతే తోడుకుంటాయి. కదుపుతూ కూర్చుంటే నీళ్లే మిగులుతాయి."

ఈ మాట ఆ నోటా ఈ నోటా పడి గాలిమరల విభాగాధిపతి కోదండపాణి గారి దాకా వెళ్లింది. కోదండపాణి గారు మంచివారే. కాకపోతే ఏ మంచి సంగతి తెలిసినా దానికొక రూలు రాస్తే తప్ప అన్నం సహించని మనిషి. ముందు విభాగంలో అందరికీ కొక్కేలు ఇప్పించారు. పిల్లలు లేనివాళ్ల గోడలకు గంటలు పెట్టించారు. గంట మోగితే లేవడం, దాని నోరు మూయించి వచ్చి కూర్చోవడం. కొక్కెం ఒక్కసారీ పట్టలేదు. గంట కోసం మనసు పారేసుకునేదెవరు? ఒకాయన చెల్లెలి కొడుకును అరువు తెచ్చుకున్నాడు గానీ, వాడు రోజంతా వాళ్లమ్మనే పిలిచాడు.

చివరికి కోదండపాణి గారు అసలైన రూలు రాశారు. ఏ ఇంట్లో పిల్లల పిలుపులు ఎక్కువగా ఉంటాయో వాళ్లకు ఉద్యోగం ఖాయం చేయడంలో మొదటి అవకాశం. నిన్నటిదాకా "ష్, అమ్మ పనిలో ఉంది" అన్న ఇళ్లలోనే మర్నాటినుంచి "పిలువు నాన్నా, సిగ్గుపడకు" అనే మాటలు వినపడ్డాయి. మనవాళ్ల సంగతి తెలిసిందేగా.

అలివేణి కర్మ ఏమిటంటే, అప్పటికి మేదినికి ఐదు నిండాయి. మంచినీళ్లు తనే తాగుతోంది. చెప్పులు తనే వేసుకుంటోంది. ఉప్మా తినడానికి తమ్ముడు దొరికాడు, వాడు ఏది పెట్టినా తింటాడు, పిడతలతో సహా. అమ్మకు పని ఉంటుందని ఆ పిల్లకు బాగా తెలిసొచ్చింది. ఎవరూ పిలవని ఒక్క గంట కోసం మొక్కుకున్న అలివేణికి ఇప్పుడు పూటలకు పూటలే దొరుకుతున్నాయి. ఆమె మాత్రం చెవి తలుపు వైపు పెట్టుకుని కూర్చుంటోంది.

పరీక్షాకాలం ముగియవస్తున్న రోజుల్లో ఒక ఉదయం కోదండపాణి గారు గోడ మీద ప్రత్యక్షమయ్యారు. రెండో వరసలో ఒక గాలిమర వారం రోజులుగా వణుకుతోందట. బేరింగులు మార్చారు, రెక్కలు తూచారు, ముగ్గురు నిపుణులు చేతులెత్తేశారు.

"సాయంత్రంలోగా సంగతేంటో చెప్పమ్మా. చెబితే నీ ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టేస్తాను. లేకపోతే పైవాళ్లకు చెప్పడానికి నాదగ్గర ఏమీ ఉండదు. నువ్వు వెళ్లిపోవడం నాకూ ఇష్టం లేదు."

అలివేణి పొద్దున్నంతా తవ్వింది. అన్నం వేళకు ఆలోచన ఒకచోట పీకలదాకా కూరుకుపోయింది. ఇక ఎంత లాగినా రాదని ఆమెకు అనుభవమే. తోడు పెట్టి వదిలేయాలి. ఎవరో ఒకరు పిలవాలి. పక్క గదిలో బుజ్జిగాడు చప్పరిస్తున్నాడు, మేదిని వాడికి ఏదో వడ్డిస్తూ తనలో తను పాడుకుంటోంది. ఇద్దరికీ అమ్మతో ఈ ప్రపంచంలో ఏ అవసరమూ లేదు.

అప్పుడు అలివేణి ఒక పని చేసింది. పిల్లలు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు మెల్లగా వెళ్లి, లక్కపిడతల్లోంచి బుల్లి పొయ్యిని తీసి బియ్యం డబ్బా వెనకాల పెట్టి వచ్చి కూర్చుంది. తన ఇంట్లో తనే దొంగతనం చేసినట్టు ఉంది.

కాసేపటికి పిలుపు వచ్చింది. "అమ్మా, పొయ్యి కనబడట్లేదు."

ఒక్క ఉదుటున లేచింది. వెళ్లి అక్కడా ఇక్కడా వెతికినట్టు చేసి, అరే ఇదిగో అని తీసిచ్చి, అదే వేగంతో వచ్చి గోడ ముందు కూర్చుంది. మనసులో ఏమీ వెలగలేదు. కొక్కెం ఖాళీగా ఉంది. ఇంతదాకా కూడబెట్టిన ఆలోచన కూడా సగం చెదిరిపోయింది.

కంగారుగా జరీనాను పిలిచి, పరికరం చెడిపోయినట్టుందని చెప్పింది. జరీనా అక్కడినుంచే దాన్ని పరీక్షించింది.

"యంత్రం బాగానే ఉందండి. మీరే వెళ్లలేదు."

"వెళ్లానండీ. పొయ్యి వెతికిచ్చి వచ్చాను."

"కాళ్లు వెళ్లాయి. మనసు గోడ దగ్గరే కూర్చుంది. మనసు మళ్లితే కదా అది పట్టుకునేది." జరీనా గొంతు తగ్గించింది. "మీ ఒక్కరికే కాదు. ఆ రూలు వచ్చినప్పటి నుంచి మీ కంపెనీలో ఒక్కరి కొక్కెమూ పట్టడం లేదు. నిన్న మా మనవడు నానీ, అంటే అమ్మమ్మా, అని పిలిస్తే లేచాను. పరిశోధనకు పనికొస్తుందని లేచాను. నాదీ పట్టలేదు."

అలివేణి మరి ఏం చెయ్యమంటారని అడిగింది. పిల్లలు పిలిచినప్పుడు పని మరిచిపోవాలంది జరీనా.

"పని కోసం పని మరిచిపోవడం ఎలాగండీ?"

"అందుకు నాదగ్గర యంత్రం లేదమ్మా."

అలివేణి గోడ ముందునుంచి లేచింది. ఇంకేముంది, అయిపోయింది, పోతే పోయింది అనుకుంది. వెళ్లి పిల్లల గది గడప మీద కూలబడింది. మేదిని పొయ్యి పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు నా వంతా?"

"ఏం వంతే?"

"దాచడం. నువ్వు బియ్యం డబ్బా వెనకాల దాచావు కదా. నేను తలుపు సందులోంచి చూశా. చూశానంటే ఆట పాడైపోద్దని చెప్పలేదు."

అలివేణికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్లను దగ్గరికి లాక్కుంది. తను చేసిన పనిని ఆ పిల్ల ఆట అనుకుంది, పైగా అమ్మ తనతో ఆడుతోందని సంబరపడింది. ఎంత సిగ్గేసిందంటే, కాసేపు ఆ చిన్న భుజం మీంచి ముఖం ఎత్తలేకపోయింది. మేదిని మాత్రం విడిపించుకుని, కళ్లు మూసుకోమని గట్టిగా ఆజ్ఞాపించింది.

అలివేణి నిజంగానే మూసుకుంది. తెరిచి వెతకడం మొదలుపెట్టింది. బియ్యం డబ్బా వెనక లేదు, దిండు కింద లేదు, బూట్లలో లేదు. ఓడిపోయాను చెప్పవే అంటే, మేదిని బుగ్గలు బూరెల్లా పెట్టుకుని నిలబడింది. ఎక్కడ దాచిందో తనే మరిచిపోయింది. ఇక తల్లీకూతుళ్లిద్దరూ నడుం బిగించారు. మంచం జరిపారు. ఊడ్చే యంత్రం మింగేసిందేమోనని దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి కడుపు విప్పారు. అందులో శశిధర్ చొక్కా గుండీలు, అలివేణి పోయిందనుకున్న చెవిదిద్దు, ఎండిన జంతిక ముక్క దొరికాయి. పొయ్యి దొరకలేదు. వాళ్లు చెమటలు కక్కుతుంటే బుజ్జిగాడు కదలకుండా కూర్చుని చూస్తున్నాడు. ఇంత గొడవ జరుగుతుంటే వీడెందుకు లేవడం లేదని అనుమానం వచ్చి ఎత్తి చూస్తే, వాడి కిందే ఉంది. ముగ్గురూ నేల మీద పడి నవ్వారు. ఎండ ఎప్పుడు దిగిపోయిందో ఎవరికీ తెలియలేదు.

నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుంటుంటే కోదండపాణి గారు గుర్తొచ్చారు. చేతకాలేదని మర్యాదగా చెప్పేద్దామని గోడ ముందుకు వచ్చి కూర్చుంది. కూర్చోగానే ఆలోచన మొత్తం ఒక్కసారి వెలిగింది. వణికే గాలిమరలో ఏ లోపమూ లేదు. లోపమంతా దాని ముందు వరసలోని దానిది. ఆ ముందుది గాలికి సరిగ్గా ఎదురు తిరగకుండా కాస్త పక్కకు నిలబడింది. దాన్ని దాటివచ్చిన గాలి చెదిరి వెనకదాని రెక్కలకు ఒకవైపే తగులుతోంది. వారం రోజులుగా అందరూ వణికేదాన్నే చూస్తున్నారు.

కోదండపాణి గారు అప్పటికప్పుడే ముందుదాన్ని గాలివైపు తిప్పించారు. వెనకదాని వణుకు ఆగిపోయింది. ఆయన సంతోషంగా సంతకం పెట్టి, ఎలా పట్టుకున్నావో ఆ పద్ధతి రాసి పంపమ్మా, రూలు చేసి అందరికీ పంపిస్తానన్నారు. అలివేణి రాయడానికి ఏమీ లేదండీ అని నెమ్మదిగా చెప్పి సెలవు తీసుకుంది.

ఉద్యోగం నిలిచింది. తనలోని మనిషి లేచి కూర్చుంది. పక్క గదిలో పిల్లల గోల వినిపిస్తోంది. ఇంత తేలికైన దానికా ఇన్నాళ్లు అవస్థ పడ్డాను అనుకుంది. ఆ ఊపులోనే గోడకు పని పురమాయించింది.

"రేపు పదింటికి పిల్లలతో ఆడుతూ పని సంగతి పూర్తిగా మరిచిపోవాలి. గుర్తు చెయ్యి."

"అలాగేనండి, పదింటికి గుర్తు చేస్తాను" అంది గోడ బుద్ధిగా. "పదింబావుకు మరిచిపోయారో లేదో అడగమంటారా?"

"అడుగు" అంది అలివేణి.