అంచున కోసిన ముక్క

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసంతా ఆవులిస్తోంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. చేపల వేటకెళ్ళిన బావ పడవ జాడ నిన్నటి నుంచి లేదు. అక్క మాటిమాటికీ ఫోన్ చేస్తోంది, "కనిపించాడా రా?" అని.

ఉపగ్రహం తీసిన సముద్రం ఫోటో, మా ఊరి ఒడ్డుతో సహా, నా ముందే ఉంది. అంత పెద్ద ఫోటో కంప్యూటర్ ఒక్క గుక్కలో మింగలేదు. ముక్కలు కోసి పెడితే, పడవ దొరికినచోట ఎర్ర గడి గీస్తుంది. కోసేటప్పుడు అంచులు ఒకదాని మీద ఒకటి పడేలా కోయాలి. లేకపోతే అంచున ఉన్న పడవ సగం ఇటు, సగం అటు పోయి ఎందులోనూ దొరకదు. "అంత తీరిక లేదు, తిన్నగా కోసెయ్" అన్నాడు మేనేజర్. ఆయనకేం, పోయింది ఆయన బావ కాదుగా!

తిన్నగా కోశాను. ఉత్త నీళ్ళు. విసుగెత్తి, ఆయనకు చెప్పకుండా అంచులు కలిపి మళ్ళీ కోశాను.

పడవ దొరికింది. ఇందాక నేను కోసిన గీత దగ్గరే, నిలువునా రెండుగా చీలిపోయి. ఒక్కో చెక్క పక్కన ఒక్కో గడి. గడి మీద 'మనిషి' అని ఉంది.

ఛీ, దీనికి నేను నేర్పింది పడవలే. మనిషి అన్న మాటే నేర్పలేదు!

మళ్ళీ వెతికించాను. అదే ఫోటో... గడులు ఒడ్డుకు చేరాయి. మళ్ళీ వెతికించాను. ఒకటి అక్క ఇంటి మీద. ఇంకోటి... మా ఆఫీసు మీద.

గదిలో ఉప్పు నీటి వాసన. నీచు వాసన.

ఫోన్ మోగింది. "తమ్ముడూ," అక్క గుసగుసలాడింది, "బావొచ్చాడు రా."

"హమ్మయ్య! లోపలికి రమ్మను."

"రావట్లేదు... గోడ చాటున నిలబడ్డాడు. ఎడమ పక్కే కనిపిస్తోంది. ఇటు తిరగమంటే తిరగడు."

"అక్కా... తలుపేసెయ్."

"నోర్ముయ్! మొగుణ్ణి బయట పెట్టి తలుపేసుకోనా? తనలో మిగతా సగం నీ దగ్గరుందట... పంపమంటున్నాడు."

నా వెనక తలుపు కిర్రుమంది. తిరిగి చూశాను.

తలుపు అంచున తడి చెయ్యి ఒకటి ఆనుకుని ఉంది. కుడి చెయ్యి.