నూట డెబ్బై పవర్

గుడ్డ మీద గీసిన సుద్దగీత రెండుగా కనబడుతోందని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లడమే నేను చేసిన పొరపాటు. ఆయన రాసిచ్చిన చీటీలో ఒక్కో కంటికి మూడేసి గళ్లు. చివరి గడిలో 170. మా పెదనాన్న పవర్ ఆరు. ఆ ఆరుకే ఆయన గోడతో మాట్లాడేవారు. ఈ లెక్కన నా గతేంటి?

నేను టైలర్ని. కళ్లు పోతే నా కత్తెరకు పనిలేదు. పైగా ఎదురుగా ఉన్న కళ్లజోళ్ల షాపు వాళ్లమ్మాయిని ఏడాదిగా ప్రేమిస్తున్నాను. ఆమె బతుకు పాడుచేయడం ఇష్టం లేక, గుండె రాయి చేసుకుని ఆ షాపు మెట్లెక్కాను. లోపల తెర వెనక లెన్సులు అరగదీసే మిషన్ గరగరమంటోంది.

“మనం ఇక కలుసుకోవద్దు,” అన్నాను.

ఆమె అద్దం తుడవడం ఆపలేదు. “ఎవరా అమ్మాయి?”

“అమ్మాయీ లేదు, ఏమీ లేదు. ఇదిగో, నువ్వే చూడు.”

చీటీ చూసింది. “మైనస్ అర. అయితే?”

“ఆ చివర్న నూట డెబ్బై కనబడట్లేదా?”

ఆమె పెదవి కొరుక్కుంది. తర్వాత బల్ల పట్టుకుని పడీపడీ నవ్వింది. నా ప్రాణం పోతుంటే ఈమెకు నవ్వెలా వస్తోందో నాకు అర్థం కాలేదు.

“మహానుభావా, అది పవర్ కాదు, వాలు. గుడ్డ క్రాసులో కత్తిరించేటప్పుడు ఎంత వాలో చూసుకోవూ? ఈ అద్దాన్ని ఏ వాలులో బిగించాలో చెప్పే అంకె అది.”

హమ్మయ్య అనుకున్నాను. ఆమె మాత్రం నవ్వాపేసింది.

“అది నిజంగా పవరే అయితే, నన్ను వదిలేసేవాడివేగా?”

“నీ మంచి కోసమే...”

“నా మంచేంటో నన్నడగవా? అంత పరాయిదాన్నా?”

సిగ్గుతో చచ్చిపోయాను. “తప్పయింది. ఇప్పుడడుగుతున్నా. నన్ను పెళ్లి చేసుకుంటావా?”

ఆమె చిన్న స్కేలు తీసి నా ముక్కు మీద ఆనించింది. “కనుపాపల మధ్య దూరం కొలవాలి. కదలకుండా నా కళ్లలోకే చూడు.”

“ఎంతసేపు?”

“నేను చాలనేదాకా.”

చూస్తూనే ఉన్నాను. ఆమె చాలనలేదు. లోపలి మిషన్ ఎప్పుడాగిందో ఇద్దరికీ తెలియదు.

“అమ్మాయ్,” తెర వెనకనుంచి వాళ్ల నాన్న గొంతు వినిపించింది. “ఆ కొలత తర్వాత తీసుకోవచ్చు గానీ, ముందు అల్లుడికి కుర్చీ వెయ్యి.”