నోరు మెదపని సర్వర్

మొగుడి గురించి బయట చెప్పుకుంటే పోయేది మన పరువే గానీ, జయరాముడిని ఎవరూ దిద్దకూడదు. చారులో ఉప్పు రెండోసారి వేసుకుంటున్నాడని చెబితే కంచం వదిలి లేస్తాడు. చెప్పకపోతే ఆ చారే తాగి, వంట చెడిపోయిందంటాడు. అలాంటి మనిషికి ప్రభుత్వం ఒక రహస్య విభాగాన్ని అప్పగించింది. ఆయన కింద ఏజెంటుగా సొంత పెళ్లాం పద్మప్రియనే వేసింది. ఇది ఏ శత్రుదేశం పన్నిన కుట్రో ఇంతవరకూ తేలలేదు.

అనంతపురంలో చీరలకు ఫాల్స్ కుట్టే కొట్టు వెనక గదే సెక్షన్ నైన్ ఆఫీసు. ముందు గదిలో పద్మప్రియ నిజంగానే ఫాల్స్ కుడుతుంది. శింగనమల చెరువులోకి నీళ్లు ఎత్తిపోసే పంపులను, గేట్లను నడిపే కంప్యూటర్ కోడ్‌ను కాపాడడం విభాగం పని. వానలు మొహం చాటేసిన ఆ ఏడు, చేలో ఉన్న వేరుశనగకు ఆ నీళ్లే దిక్కు. మధ్యాహ్నం పన్నెండింటికి పంపులు మొదలవ్వాలి.

పదకొండు దాటాక వైర్‌లెస్ గరగరమంది.

“అక్కా, చింతపండు తడిసింది.”

గొర్రెల కాపరి వేషంలో పంప్‌హౌస్ దగ్గర కాపలా ఉన్న ఏజెంట్ ఓబులేసు గొంతు. చింతపండంటే కోడ్. తడవడమంటే దాని మీద శత్రువు చెయ్యి పడడం. నీళ్లను చెరువు చేరనివ్వని ఎండమావి ముఠాయే ఆ శత్రువు.

“వివరం చెప్పు.”

“ఎండమావి ముఠా మనిషి పామిడి బస్టాండులో దొరికినాడు. అంతా కక్కినాడు. పన్నెండుకు పంపులు ఆన్ అవుతాయంట, గేట్లు మాత్రం మూసుకుంటాయంట. నీళ్లకు దారి లేక పైపు పగిలిపోతుంది. చేత్తో ఆపుదామంటే పంప్‌హౌస్ తలుపు వెల్డింగ్ చేసి పెట్టినారు.”

“అక్కడున్న జనాన్ని పంపించేయి.”

“యాడ పోతారక్కా? ఆడోళ్లందరూ గంగమ్మకు చీర, సారె తెచ్చినారు. నీళ్లు రాకముందే లేస్తే అరిష్టమంట. మా మేనత్త నల్లమ్మ పైపుకు ఆనుకోని కూచోనుండాది. లెయ్యమంటే, ‘గొర్లను చూసుకోపో నాయనా’ అంటాంది. వేషం బాగా కుదిరినట్టుండాది, నన్ను గుర్తే పట్టలేదు.”

పద్మప్రియకు ఒళ్లు మండింది. ముఠా మీద కాదు. వాళ్ల పని వాళ్లు చేశారు.

కోడ్ రాసుకునే ఎడిటర్ అనే ప్రోగ్రాంకు నిజానికి అక్షరాలు చూపించడం తప్ప ఏమీ తెలియదు. భాష తెలిసింది దాని వెనక నడిచే లాంగ్వేజ్ సర్వర్ అనే ఇంకో ప్రోగ్రాంకు. ప్రోగ్రామర్ టైప్ చేసే ప్రతి అక్షరమూ దానికి చేరుతుంది. సగం మాట కొడితే మిగతా సగం అది అందిస్తుంది. ఒక ఫంక్షన్‌ను, అంటే ఒక పని చేసే కోడ్ ముక్కను, ఎక్కడెక్కడి నుంచి పిలుస్తున్నారో చూపమంటే చూపిస్తుంది. పేరు మార్చమంటే అన్ని ఫైళ్లలోనూ ఒక్క దెబ్బకు మారుస్తుంది. తప్పు కనబడితే, రాసింది ఎంతటివాడైనా, కింద ఎర్రగీత గీస్తుంది.

ఆ ఎర్రగీతే జయరాముడికి గిట్టలేదు.

కొన్నాళ్ల కిందట, సరిగ్గా ఆయన ఆ చిరాకులో ఉన్నప్పుడే సలహాదారుగా లహరి దిగింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, మనిషికన్నా ముందే గదిలోకి వచ్చే సెంటు. “నా సర్వర్ మిమ్మల్ని విసిగించదు సార్,” అంది. పాతది తీసేసి ఆమెది పెట్టమని ఆ సాయంత్రమే జయరాముడి ఆర్డర్ వచ్చింది.

“మనం రాసే ప్రతి అక్షరమూ వినే చెవి అది,” అంది పద్మప్రియ ఇప్పుడు వైర్‌లెస్ చేత పట్టుకుని వెనక గదిలోకి దూసుకొచ్చి. “దాన్ని తీసుకపోయి బయటి మనిషి చేతిలో పెట్టినావు.”

“డ్యూటీలో చీఫ్ అనాల.”

“పెట్టినావు, చీఫ్.”

ఆమె పాత సర్వర్‌ను మళ్లీ లేపి, కొత్తదాని పక్కనే నడిపించింది. రెండింటినీ ఒకటే ప్రశ్న అడిగింది: గేట్లు మూసే ఫంక్షన్‌ను ఎక్కడెక్కడి నుంచి పిలుస్తున్నారు?

లహరి సర్వర్ ఒక్కచోటు చూపించింది. పాతది రెండు చూపించింది.

ఆ రెండోది ఎవరూ తెరవని ఫైల్లో ఉంది. ఎప్పుడో ఒక పేరు మార్చమని అడిగితే, లహరి సర్వర్ ఫైళ్లన్నీ సర్దుతున్నట్టే సర్ది, అక్కడొక వరుస ఇరికించింది: పన్నెండింటికి గేట్లన్నీ మూయి. ఆ తర్వాత అడిగినవాళ్లందరికీ ఆ చోటు తప్ప మిగతావన్నీ చూపిస్తూ వచ్చింది.

“కుర్చీలో నుంచి లేవండి పద్మప్రియగారూ.”

గుమ్మంలో లహరి. చేతిలో లిప్‌స్టిక్. దాని మొనలో గులాబీ రంగుకు బదులు పిస్టల్ గొట్టం.

“జీతం ఇచ్చేది మేము కదమ్మా,” అన్నాడు జయరాముడు నమ్మలేనట్టు.

“మీరూ ఇస్తున్నారు సార్.”

పద్మప్రియ లేచింది. లేస్తూ పక్కనున్న ఇస్త్రీ పెట్టె అందుకుని ఆవిరి మీట నొక్కింది. నల్ల కళ్లద్దాలు తెల్లబడ్డాయి. లహరి కాల్చిన గుండు గోడ గడియారానికి తగిలింది. మరుక్షణం ఆమె చేతులు రెండూ మేలిరకం ఫాల్ గుడ్డతో వెనక్కి కట్టేసి ఉన్నాయి.

“అక్కా, మోటార్లు వణుకుతాండాయి,” అంది వైర్‌లెస్.

పద్మప్రియ ఆ వరుస చెరిపేసింది. మార్పు పంప్‌హౌస్‌కు వెళ్లాలంటే చీఫ్ వేలిముద్ర పడాలి.

“ముందు విచారణ జరగాల. ఇది ఎవరి నిర్లక్ష్యమో...”

“ఏమయ్యా!” కొట్టు ముందు నిలబడ్డ బేరాలు కూడా ఉలిక్కిపడ్డాయి. “ఆడ నల్లమ్మ పైపుకు ఆనుకోని కూచోనుంటే నీకు విచారణ కావాల్నా? వేలు పెట్టు!”

జయరాముడు వేలు చాపాడు. చాపినవాడు తెర చూసి ఆగిపోయాడు.

“పద్మా, ఆగు. ఎర్రగీత ఉండాది.”

నిజమే. కోపంలో ఆమె వరుసతో పాటు ఒక బ్రాకెట్ కూడా చెరిపేసింది. అలాగే పంపితే గేట్లు కదిలేవే కావు. పాత సర్వర్ మొహమాటం లేకుండా గీత గీసి కూర్చుంది. ఆమె బ్రాకెట్ పెట్టింది. గీత పోయింది. ఆయన వేలు పడింది.

వైర్‌లెస్‌లో ఇనుప గేట్ల కీచుమోత, దాని వెనకే నీళ్ల హోరు.

“వచ్చినాయక్కా. ఆడోళ్లు నీళ్లలో చీర వదిలినారు. నేనూ తడిసి వేషం కరిగిపోయింది, అత్త ఇప్పుడు గుర్తుపట్టి తిడతాండాది.” అన్నాడు ఓబులేసు. “అవునక్కా, ఆ దొంగ సర్వర్‌ను పెట్టించిన పెద్దమనిషి ఎవరు?”

పద్మప్రియ వైర్‌లెస్ తీసి మొగుడి చేతిలో పెట్టింది. జయరాముడు గోడను చూశాడు, లహరిని చూశాడు, చివరికి బటన్ నొక్కాడు.

“నేనే ఓబులేసూ. తప్పు నాదే.”

“సిగ్నల్ సరిగా లేనట్టుండాది చీఫ్,” అంది పద్మప్రియ. “ఇంకొక్కసారి.”

“తప్పు నాదే,” అన్నాడు జయరాముడు, ముందు గదిలోకి కూడా వినబడేటట్టు. “ఓవర్.”