వంద శాతం పచ్చ

విజయధ్వజ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్‌కీ మ్యాథ్స్‌కీ మధ్య నవ్వుల పీరియడ్ ఉంటుంది. పిల్లలంతా లేచి నిలబడి, సారు చెయ్యెత్తగానే నవ్వుతారు, చెయ్యి దించగానే ఆపుతారు. తర్వాత మాటల అభ్యాసం. ‘బాగున్నాను’ అన్న మాటని ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో బోర్డు మీద గీతలు గీసి నేర్పుతారు. వారాంతంలో దీనికీ పరీక్ష ఉంది, ర్యాంకులూ ఉన్నాయి. ర్యాంకు లేని పని మనవాళ్ళు పిల్లల చేత ఎప్పుడు చేయించారు గనక!

ఇదంతా పిల్లల మెడలో ఐడీ కార్డు పక్కన వేలాడే అగ్గిపెట్టెంత యంత్రం కోసం. దాని పేరు తోడు. బతుకు మీద ఆశ వదులుకుంటున్న మనిషిని ముందుగా గుర్తుపట్టి ప్రాణం నిలపాలని డాక్టర్ మృదుల దాన్ని కనిపెట్టింది. అది మాటల్ని పట్టించుకోదు, గొంతు వింటుంది. మాటకీ మాటకీ మధ్య ఎడం, ఊపిరి బరువు, వాక్యం చివర స్వరం జారిపోయే తీరు, వీటన్నిటినీ అల్గారిథమ్ ఆ మనిషి పాత గొంతుతో పోల్చి చూస్తుంది. బాగుంటే పచ్చ లైటు, మరీ కుంగిపోతే ఎర్ర లైటు. ఎర్రబడగానే, ఆ విద్యార్థి ముందే ఎంచుకున్న మనిషికి ఫోను వెళ్తుంది. ఆ మనిషి వచ్చి పక్కన కూర్చుని వినాలి. యంత్రం పని పిలవడం వరకే, మిగతాది మనుషులు చెయ్యాలి. మనుషుల మీద అంత నమ్మకం పెట్టుకోవడమే ఆవిడ చేసిన పొరపాటు.

మొదటి టర్మ్ ట్రయల్ బాగానే సాగింది. చీరాల నుంచి వచ్చిన కెజియా అనే అమ్మాయి లైటు ఎర్రబడింది. తోడుగా ఎవరు కావాలని ముందే అడిగినప్పుడు ఆ పిల్ల మృదుల పేరే చెప్పింది. మృదుల వచ్చి హాస్టల్ మెట్ల మీద పక్కన కూర్చుంది. “నేను లేకపోయినా ఎవరికీ ఏం తక్కువ కాదు మేడం” అని కెజియా వెక్కివెక్కి ఏడ్చింది. మృదుల నీతులు చెప్పలేదు, విన్నది. పిల్ల తేరుకుంది. మృదుల తన పరిశోధన పేపర్లు రాసుకోవడానికి వెళ్ళిపోయింది.

కరస్పాండెంట్ రంగనాయకులుకి మాత్రం ఎర్ర లైట్లు కంట్లో నలుసులయ్యాయి. అడ్మిషన్ల కోసం వచ్చిన తల్లిదండ్రులు పచ్చ ఎంత శాతం అని అడిగేవారు. పిల్లలు ఎందుకు కుంగుతున్నారని ఒక్క మహానుభావుడూ అడగలేదు. రంగనాయకులు నవ్వుల పీరియడ్ పెట్టించాడు. మృదులకి చెప్పకుండా, ఎర్ర లైటు ఫోను నేరుగా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జికి వెళ్ళేలా మార్పించాడు. లైటు ఎర్రబడితే వ్యాను వస్తుంది, పిల్లని టీసీతో సహా ఇంటి గుమ్మంలో దించేస్తుంది. ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందన్నది కాలేజీ లెక్కలోకి రాదు. మనవాళ్ళ చేతికి థర్మామీటరు ఇస్తే జ్వరం తగ్గించరు, పాదరసం దించడం నేర్చుకుంటారు.

ఊరంతా హోర్డింగులు లేచాయి: వంద శాతం పచ్చ. మృదుల కూడా గ్రాఫు చూసుకుని మురిసిపోయింది. పిల్లల్ని చూడ్డానికి తీరిక లేదు గానీ, సన్మానానికి మాత్రం తీరిక చేసుకుని వచ్చింది. గేటు దగ్గర ఆవిడ మెడలోనూ తోడు వేశారు. ఆ యంత్రానికి ఆవిడ గొంతు కొత్త కాదు, మొట్టమొదట పరీక్షించింది తన మీదే.

“రండి మేడం! మీ పుణ్యమా అని మా పేరు మార్మోగిపోతోంది” అంటూ రంగనాయకులు తన గదిలో ఒక పిల్లని ముందుకు నెట్టాడు. “నవ్వుల్లో మా క్యాంపస్ ఫస్ట్. గుర్తుపట్టారా?”

కెజియా!

“బాగున్నావా తల్లీ?”

“చాలా బాగున్నాను మేడం!” గొంతు గంటలా మోగింది. లైటు పచ్చగా వెలిగింది.

“అమ్మ ఎలా ఉంది?”

“చాలా బాగుంది మేడం!”

“నీ రూమ్మేట్ పల్లవి?”

“వ్యానెక్కించి పంపేశారు మేడం!” అదే రాగం, అదే నవ్వు. “అప్పట్నుంచీ ఫోనెత్తట్లేదు మేడం!”

లైటు ఇంకా పచ్చగానే ఉంది. మృదుల ఆ పిల్ల దగ్గరికి జరిగింది. “ఏడుపు రావట్లేదా కెజియా?”

“రావట్లేదు మేడం. మీరొస్తే ఏడుద్దామని దాచుకున్నాను. ఇప్పుడు ఎలా ఏడవాలో తెలీట్లేదు.”

మృదుల రంగనాయకులు వైపు తిరిగింది. “పక్కన కూర్చోమని కదండీ నేను చెప్పింది! వ్యాను ఎక్కించమన్నానా?”

“ఎవడు కూర్చుంటాడు మేడం? సిలబస్ అవ్వద్దూ?”

“పిల్లల్ని చంపుకుంటూ...” ఆవిడ గొంతు పూడుకుపోయింది. ఇన్నాళ్ళూ గ్రాఫు చూసి మురిసిన సిగ్గంతా ఆ గొంతులో ఉంది. మెడలో లైటు ఎర్రబడింది.

బయట వ్యాను హారన్ మోగింది. ఇన్‌ఛార్జి టీసీ పట్టుకుని లోపలికొచ్చాడు. “ఎవరండీ ఎర్రబడింది? ఏ సెక్షను?”

సన్మాన సభ జరిగే హాల్లో పచ్చ శాతం చూపించే బోర్డు తొంభై తొమ్మిదికి పడిపోయింది. రంగనాయకులు ముఖం మాడిపోయింది. “మేడంని వెనక గేటు నుంచి పంపించెయ్యవయ్యా! పేరెంట్స్ చూస్తే కొంప మునుగుతుంది.”

“నేనూ వెళ్తాను సార్!” అంది కెజియా నవ్వుతూ.

“నీది పచ్చ కదమ్మా. పచ్చగా ఉన్నవాళ్ళని పంపడం కుదరదు” అన్నాడు రంగనాయకులు.

మృదుల ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. “ఈ పిల్లని నాతో పంపకపోతే, ఈ ఎర్ర లైటుతో వెళ్ళి స్టేజీ మీద కూర్చుంటాను. మీ ఇష్టం.”

రంగనాయకులు తప్పుకుని దారిచ్చాడు.

వ్యాను కదిలింది. “ఎక్కడ దించమంటారు?” అన్నాడు ముందు సీట్లో ఇన్‌ఛార్జి.

“ముందు పల్లవి వాళ్ళింటికి పోనివ్వండి” అంది మృదుల. ఆ మాట వినగానే కెజియా నవ్వు ఆగిపోయింది. మృదుల ఒళ్ళో తల పెట్టుకుని గొంతెత్తి ఏడ్చింది. లైటు ఎర్రబడింది, ఇన్‌ఛార్జి జేబులో ఫోను మోగింది. మృదుల ఆ లైటు వంక చూసి ఊపిరి పీల్చుకుంది. పిల్ల తల నిమురుతూ వింటూ కూర్చుంది.

ఎర్రబడ్డ ఇద్దరూ గేటు దాటడంతో హాల్లో బోర్డు మళ్ళీ వంద చూపించింది. డాక్టర్ గారి తరఫున సన్మానం రంగనాయకులే అందుకున్నాడు. సారు చెయ్యెత్తగానే పిల్లలూ తల్లిదండ్రులూ లేచి చప్పట్లు కొట్టారు. చెయ్యి దించగానే ఆపారు.