ఊరికే పాస్ చెయ్యని పిల్ల

మొదటి రోజు క్లాసు. సీటు సర్దుకుని, బెల్టు పెట్టుకుని, తాళం తిప్పబోతూ పక్కకి చూశాడతను. డ్రైవింగ్ టీచరు కళ్ళు మూసుకుని కూర్చుంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి.

"మేడం, నన్ను చూసి అంత భయమేసిందా?"

ఆమె "ఆమెన్" అని కళ్ళు తెరిచింది. "మీకోసం కాదులెండి. రోడ్డు మీద నడిచేవాళ్ళకోసం."

"అబ్బో! అప్పుడే నామీద అంత నమ్మకం కుదిరిందన్నమాట."

"నమ్మకం దేవుడి మీద. మీ సంగతి క్లచ్ వదిలాక చెప్తా."

వదిలాడు. కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. నవ్వు ఆపుకోలేక ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆ నవ్వు చూస్తూ రెండోసారి క్లచ్ వదిలాడు. మళ్ళీ కప్పే.

అతను ఆస్పత్రుల్లో మెషీన్లు బాగుచేసే ఇంజనీరు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. అతను వాయిస్తుంటే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు కూడా లేచి నిలబడతారు. సోమవారం తెల్లారితే మాత్రం భక్తిని ఆదివారం చొక్కాతో పాటు మడిచి బీరువాలో పెట్టేస్తాడు.

"నేనూ విశ్వాసినే మేడం. కానీ డ్యూటీలో ఇలా కళ్ళు మూసుకుంటే నలుగురూ నవ్వరూ?"

"నవ్వనివ్వండి. ఆదివారం మీ పాట విన్న దేవుడు, సోమవారం మీ పని చూడకుండా ఎక్కడికెళ్తాడు?" అని, అదే గొంతుతో అంది. "ముందా హ్యాండ్ బ్రేక్ దించండి ఇంజనీరు గారూ. ఇందాకట్నుంచి బండి ఏడుస్తోంది."

ఆ డ్రైవింగ్ స్కూలు వాళ్ళ నాన్నది. ఊళ్ళో సగంమందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. ఆయనకి నడుం నొప్పి పట్టుకున్నాక స్కూలు కూతురి చేతికొచ్చింది. ఎవరెంత తప్పు చేసినా ఆమె గొంతు పెంచదు. అలాగని తప్పుని చూసీచూడనట్టు వదలదు.

వానాకాలం మొదలైంది. అద్దాల మీద నీళ్ళు జారుతుంటే కారులో ఇద్దరే ఉన్నట్టు కాదు, లోకంలోనే ఇద్దరే ఉన్నట్టుండేది అతనికి.

"వాన పడితే వైపర్ వెయ్యాలి. నా వైపు చూడకూడదు."

"వైపర్ ఎక్కడుందో వెతుకుతున్నానండీ."

"నా చెవి దగ్గర మాత్రం లేదు."

ఇలా సాగుతుండగా అతని ఆఫీసులో కబురొచ్చింది. కొత్త ఏరియాకి ఇన్‌ఛార్జి కావాలి, సొంతంగా వ్యాన్ నడపగలిగినవాడికే ఆ పోస్టు. అతను రెక్కలొచ్చినట్టు క్లాసుకి వచ్చాడు.

"మేడం, ఈ వారమే నన్ను టెస్టుకి పంపించెయ్యండి."

"కుదరదు. రివర్స్ చేసేటప్పుడు మీరింకా అద్దం చూడటం లేదు. ఇంకో వారం నేర్చుకోండి."

"వారం ఆగితే పోస్టు పోతుంది! మీరూ విశ్వాసే, నేనూ విశ్వాసినే. మనలో మనం కాస్త ప్రేమగా సర్దుకోకపోతే ఎలా?"

"ప్రేమ ఉంది కాబట్టే పంపడం లేదు!"

మాట అనేశాక ఆమె నాలుక కరుచుకుంది. అది అతని చెవిన పడకపోలేదు. కానీ పోస్టు పోతుందన్న మంట ముందు ఆ మాట నిలబడలేదు.

"మీకేం, నీతులు చెప్తారు. నష్టం నాది."

"వెనక ఎవరున్నారో చూడకుండా బండి తీస్తే నష్టం మీ ఒక్కరిదే కాదు."

తలుపు ధడాలున వేసి వానలోనే దిగిపోయాడు. పోస్టు అతని పక్క టేబులు వాడికి వెళ్ళింది. అతను క్లాసుకి వెళ్ళడం మానేశాడు. రోజూ ఆ వేళకి మనసు మాత్రం ఆ కారు చుట్టూ తిరిగి వచ్చేది.

ఒక మధ్యాహ్నం పిల్లల ఆస్పత్రికి వెళ్ళాడు. పసివాళ్ళకి ఊపిరందించే మెషీను రిపేరు. గొట్టం జారితే వెంటనే అలారం మోగాలి. మోగుతోంది కానీ, ఒక్కోసారి ఆలస్యంగా మోగుతోంది. ఆ భాగం మార్చాలని మేనేజరుకి ఫోన్ చేశాడు.

"ఎప్పుడో ఒకసారి ఆలస్యమైతే ఏమవుతుందయ్యా? బాగైందని చెప్పి వచ్చెయ్. ఇంకో చోట నీకోసం కాచుకుని ఉన్నారు."

ఇదివరకైతే వచ్చేసేవాడే. ఇప్పుడు వార్డు గుమ్మం దగ్గర పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఎదురుచూస్తున్న తల్లి కనబడింది. 'వెనక ఎవరున్నారో చూడకుండా' అని ఆమె అన్న మాట చెవిలో గింగురుమంది. పని మధ్యలో ఎన్నడూ చెయ్యనిది, మెషీను మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. 'ప్రభువా, ఈ పని నీదే. నాకు ధైర్యమివ్వు.'

"బాగవలేదు సార్. కొత్త భాగం వేసేదాకా నేను కదలను" అని ఫోన్లో చెప్పేశాడు. మేనేజరు తిట్లన్నీ ఓపిగ్గా విన్నాడు. సాయంత్రానికి ఆ భాగం తెప్పించి బిగించాడు.

"బాగైందా బాబూ?" అంది ఆ తల్లి.

"బాగైందమ్మా" అన్నాడు, ఆమె కళ్ళలోకి సూటిగా చూసి.

మర్నాడు మేనేజరు అరిచి అరిచి అలసిపోయాడు. చివరికి, "ఆ ఆస్పత్రి మెషీన్లన్నీ ఇకనుంచి నువ్వే చూసుకుని ఏడు!" అన్నాడు. అది శిక్షో మెప్పో తెలీలేదు కానీ అతనికి ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికతోనే తిన్నగా డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళాడు.

"నా వారం మిగిలే ఉందా మేడం?"

ఆమె తలెత్తి చూసింది. కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించింది, రాలేదు. అతను ఆస్పత్రి సంగతంతా చెప్పాడు. వింటూ వింటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఆ రోజు మీరు దిగిపోయాక నాకూ నిద్రపట్టలేదు. ఇంత ఖచ్చితం పనికిరాదని బంధువులంతా అంటారు. మొన్నొచ్చిన సంబంధం వాళ్ళయితే, ఈ స్టీరింగ్ గోల మానేసి చర్చిలో ఏదన్నా సేవ చెయ్యమన్నారు."

"మీరేమన్నారు?"

"చేస్తూనే ఉన్నానుగా అన్నాను. లేచి వెళ్ళిపోయారు."

"బతికించారు" అన్నాడు గుండెల మీద చెయ్యేసుకుని.

"ఎవర్ని?"

"నన్నేనండీ."

ఆ వారం అతను అద్దాలన్నీ చూశాడు, ఆమెని తప్ప. టెస్టు పాసయ్యాడు. లైసెన్సు అందుకున్న రోజు గొంతు సవరించుకున్నాడు. "రేపట్నుంచి మిమ్మల్ని చూడ్డానికి నాకు సాకు లేదు. సాకు లేకుండా బతుకంతా మీ పక్కన ఉండాలనుంది. మీకిష్టమైతే."

ఆమె బుగ్గలు కందిపోయాయి. "శనివారం నాన్న ఇంట్లోనే ఉంటారు. మీ అమ్మగారిని కూడా తీసుకురండి."

శనివారం ఆ చిన్న హాల్లో పెద్దవాళ్ళ కుశలప్రశ్నలు అయ్యాక, మాస్టారు నడుం కింద దిండు సర్దుకుని అడిగారు. "బాబూ, ఒక్కటే అడుగుతా. పెళ్ళయ్యాక మా అమ్మాయిని పని మానేసి ఇంట్లోనో చర్చిలోనో కూర్చోమంటావా?"

"నా పని దగ్గర దేవుణ్ణి తలుచుకోవడం నాకు నేర్పింది ఆవిడ పనేనండీ. అది మాన్పిస్తే రేపు నేను పాత దారిన పడితే ఎవరు ఆపుతారు?"

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ అతని తల్లి చెయ్యి పట్టుకుని నవ్వింది. అంతలో కూతురు గదిలోంచి హడావిడిగా వచ్చింది, కారు తాళాలు చేతిలో పెట్టుకుని.

"ఎక్కడికే? ఇక్కడ నీ పెళ్ళి మాటలు నడుస్తుంటే!" అంది వాళ్ళమ్మ.

"వీధి చివర బామ్మగారికి ఈ రోజే మొదటి క్లాసమ్మా. ఈ వయసులో ధైర్యం చేసి వస్తున్నారు, ఎదురుచూడనివ్వకూడదు." అతని వైపు తిరిగి, కళ్ళతోనే నవ్వింది. "నా జవాబు నాన్నకి పొద్దున్నే చెప్పేశాను."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆమెకి కాబోయే అత్తగారు నోరు తెరుచుకుని వాకిలి వైపే చూస్తుండిపోయింది.

"చూశావుగా బాబూ, ఇదీ వరస. ఇప్పటికైనా ఆలోచించుకో" అన్నారు మాస్టారు, మీసాల్లో నవ్వు దాచుకుంటూ.

"ఆలోచించడానికేం లేదండీ. పెళ్ళి రోజు మాత్రం క్లాసులు పెట్టుకోవద్దని మీరే కాస్త గట్టిగా చెప్పండి."

"నేనా?" అన్నారు మాస్టారు. "నువ్వే చెప్పుకో నాయనా. ఈ రోజు నుంచి ఆ బాధ్యత నీది!"