భీమప్ప పోసిన ఎర్తు నీళ్ళు

"బొరుగుల ఒగ్గరణి ఉండాదా?"

"ఉండాది. మిర్చి అయిపోయింది."

కోడ్ సరిపోయింది. కౌల్ బజార్‌లోని ఆ పాత ఇనుప సామాన్ల అంగడి వెనక గదిలోకి ఏజెంట్ సిద్దేశ్ అడుగు పెట్టాడు. చీఫ్ గురురాజ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. అందులో ఓ పాత తెరచాప పడవ కంప్లి దగ్గర తుంగభద్రలో, వరి మళ్ళ పక్కన లంగరేసి ఉంది.

"గోవా నుంచి లారీలో తెచ్చినారు. టూరిజం అంటాండారు. ఓనర్ డోర్న్ విదేశీ ముఠా మనిషి. పైన డ్యామ్ కంట్రోల్ రూములో వాళ్ళు రిసీవర్ దాచినారు. పడవ రేడియోలోంచి సిగ్నల్ పోతే గేట్లన్నీ ఒకేసారి లేసి కిందంతా మునుగుతాది."

"రిసీవర్ పీకేస్తే సరి గదా సార్?"

"యాడుండాదో దొరకలేదప్పా. రేడియోనే ఆపాల. దానికి ఎర్తే ప్రాణం. పడవలో మాస్టు, ఇంజను, డీజిల్ ట్యాంకు, అన్నిటినీ రాగి పట్టీతో కలిపి, అడుగున నీళ్ళలో ఉండే రాగి పలకకు బిగించినారు. బాండింగ్ అంటారు. ఆ పట్టీ కత్తిరిస్తే సిగ్నల్ పడవ దాటదు."

సిద్దేశ్ ఫోటోలోని మళ్ళ మీద వేలు పెట్టాడు. "మా అక్క దురుగమ్మ ఆ ఏటిగడ్డ మళ్ళలోనే నాట్లేస్తాంది సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపిస్తాండా."

గ్యాడ్జెట్లు ఇచ్చేది టెక్నికల్ సెక్షన్ యశస్విని. నల్లద్దాలు, హైహీల్స్, వీధి చివరిదాకా తెలిసే సెంటు. రాగిని కోసే పెన్ను అతని జేబులో స్వయంగా పెట్టి, "జాగ్రత్త సిద్దేశ్" అంది. అతను పొంగిపోయాడు. తెలివైనవాడే, పాపం.

మర్నాడు రాగి కొనే వ్యాపారి వేషంలో సిద్దేశ్ పడవెక్కాడు. ముందు గదిలో నేల చెక్క ఎత్తి, పట్టీ మీద పెన్ను ఆనించాడు. పెన్ను గుయ్యిమంది, అంతే. వెనక సెంటు వాసన గుప్పుమంది.

"అది తెగదు సిద్దేశ్. ఇచ్చింది నేనే గదా!"

గూఢచారులు ఇలాంటప్పుడు బూటు మడమలోంచి బ్లేడు తీస్తారు. ఆ బూట్లు ఇచ్చిందీ యశస్వినే, విప్పించుకున్నదీ ఆమే. ఆమే డోర్న్ కలిసి కాళ్ళూ చేతులూ కట్టి, నోటికి టేపు వేసి, అతన్ని అదే గదిలో పాత తెరచాప గుడ్డ కింద పడేశారు. గుడ్డ చిరుగులోంచి గుండ్రటి కిటికీ, కిటికీలోంచి మడి కనిపిస్తున్నాయి. అక్క వంగి నాట్లేస్తోంది. పక్కామెతో ఏదో అని నవ్వింది. సిద్దేశ్ అరిచాడు. అరుపు టేపు దాటలేదు.

అంతలో చెక్కమెట్ల మీద చప్పుడు. ఎలక్ట్రీషియన్ భీమప్ప బిందెతో దిగాడు. పట్టీలన్నీ బిగించింది అతనే. రిసార్టు పడవ అనుకుని, నమ్మకంగా పని చేశాడు.

"మేడమ్, ఎర్తుకు నీళ్ళు పోస్తాండా!"

"బేగ పొయ్యప్పా," పైనుంచి యశస్విని. "ఈరోజు ఎర్తు ఫస్ట్ క్లాసుగా ఉండాల."

"అట్లయితే రెండు బిందెలు పోస్తా!"

ఎండలకు నేల బీటలిచ్చే ఈ జిల్లాలో ఏ బోరు మోటారుకైనా పక్కనే ఎర్తు గుంత ఉంటుంది. దాంట్లో ఉప్పు, బొగ్గు వేసి రోజూ నీళ్ళు పోస్తారు. ఎర్తంటే భీమప్పకు అదే. పడవకు గుంత లేదే అని మొదట చాలా బాధపడ్డాడు. తర్వాత రాగి పట్టీ దిగే పల్లమే గుంత అనుకుని, రోజూ ఉప్పునీళ్ళు అందులో పోస్తున్నాడు. ఎక్కడ పోస్తున్నాడో యశస్విని ఏనాడూ పల్లం అంచుదాకా వచ్చి చూడలేదు, చెప్పులకు మడ్డి అంటుతుందని.

బిందె ఖాళీ చేసి భీమప్ప వెళ్ళిపోయాడు. గుడ్డ కింద మనిషి కాళ్ళు తన్నుకోవడం అతను చూడనే లేదు. సిద్దేశ్‌కు ఏడుపొచ్చింది. ఎర్తు ఇంకా బాగుపడింది, అక్కను ముంచే సిగ్నల్‌కు తిరుగులేదు అనుకున్నాడు. ఇంత శిక్షణ, ఇన్ని వేషాలు, చివరికి అక్కను ఒక్క కేక వేసి పిలవలేకపోయాడు.

పక్క గదిలో డోర్న్ రేడియో ముందు కూర్చున్నాడు. పచ్చ లైటు వెలిగింది.

"త్రీ... టూ..."

సిద్దేశ్ కళ్ళు మూసుకున్నాడు.

"వన్!"

నేల కింద సుయ్యిమని చప్పుడు. కుళాయి నీళ్ళలో మందు ఎక్కువైనప్పటి ఘాటు వాసన. పచ్చ లైటు మినుకు మినుకుమని ఆరిపోయింది. డోర్న్ పరుగున వచ్చి చెక్క ఎత్తాడు. పల్లంలో పట్టీ పక్కనే పెట్టిన రేడియో బ్యాటరీలు ఇన్నాళ్ళుగా చేరిన ఉప్పునీళ్ళలో ఇప్పుడు నిండా మునిగి బుడబుడలాడుతున్నాయి.

"వాట్ ఈజ్ దిస్?"

యశస్విని నల్లద్దాలు తీసి చూసింది.

సిద్దేశ్ నుంచి కబురు రాకపోయేసరికి గురురాజ్ మనుషులతో గుండ్రటి పుట్టి పడవల్లో వచ్చి పడవను చుట్టుముట్టారు. ఇద్దరికీ బేడీలు పడ్డాయి. టేపు పీకగానే సిద్దేశ్ కిటికీ వైపు తిరిగాడు. అక్క ఇంకా నాట్లేస్తూనే ఉంది.

"ఎట్ల ఆపితివప్పా?" గురురాజ్ వీపు తట్టాడు.

సిద్దేశ్ తల దించుకున్నాడు. అప్పుడే భీమప్ప రెండో బిందెతో మెట్లు దిగాడు. బేడీలు, తుపాకులు, పొగ, అన్నీ చూసి గాబరాపడ్డాడు.

"ఏందప్పా ఇది? ఎవురికన్నా షాక్ కొట్టిందా?"

"లేదన్నా," అన్నాడు సిద్దేశ్.

భీమప్ప మొహం విప్పారింది. "కొట్టదు! నేనేసిన ఎర్తు గదా," అంటూ రెండో బిందె కూడా వంచేశాడు.