రమ లెక్కల నోటుబుక్కు

హెడ్మాస్టర్ వీరభద్రం సారు రమ లెక్కల నోటుబుక్కు తిరగేస్తుంటే, తలుపు దగ్గర నిలబడ్డ భానుచందర్‌కు గుండెల్లో రాయి పడింది.

రమ వాడి చెల్లెలు. ఐదో తరగతి. అన్నీ అర్థమవుతాయి, కాకపోతే నిదానంగా. దవాఖానలో మేడమ్ పరీక్షచేసి కాగితం రాసిచ్చింది. రమకు పరీక్షలో అరగంట ఎక్కువ ఇవ్వాలి, ప్రశ్న చదివి వినిపించాలి. వాళ్ళమ్మ శ్యామలమ్మ మగ్గం ఆపుకొని, సారు సంతకం కోసం ఆ కాగితం పట్టుకొచ్చింది.

"నోటుబుక్కుల ఒక్క తప్పు లేదమ్మా. ఇగ ఎక్కువ టైం ఎందుకు?" అన్నారు సారు.

శ్యామలమ్మ దవాఖాన కాగితాన్ని మళ్ళీ సారు ముందుకు జరిపింది. రమ తల వంచుకుంది.

అసలు సంగతి అన్నాచెల్లెళ్ళకే తెలుసు. రోజూ సాయంత్రం భాను జవాబు చెప్పేవాడు, రమ రాసేది. అమ్మ జంపఖానా నేస్తుంటే ఆ మగ్గం చప్పుడులో ఏమీ వినబడేది కాదు. లెక్క రాక చెల్లి ఏడిస్తే చూడలేడు పాపం. ఆటకు పోవాలని తొందర కూడా ఉండేదనుకోండి! మంచే చేస్తున్నాననుకున్నాడు. ఇప్పుడు ఆ మంచే చెల్లికి అడ్డం పడింది.

"సార్, జవాబులన్నీ నేనే చెప్పిన. చెల్లె రాసింది, గంతే," అన్నాడు.

సారు నోటుబుక్కు మూసి, రమను పక్కన కూర్చోబెట్టుకున్నారు. పెట్టెలో నలభై నూలు కండెలుంటే అమ్మ పదిహేడు వాడింది, ఇంకెన్ని మిగిలాయని అడిగారు. రెండోసారి ఇంకా నెమ్మదిగా అడిగారు. రమ వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది. జవాబు భాను నాలుక చివరికి వచ్చేసింది. పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

చాలాసేపటికి రమ, "ఇరవై మూడు" అంది.

సారు నవ్వి కాగితం మీద సంతకం పెట్టారు. దారిలో శ్యామలమ్మ కొడుకు నెత్తిన ఒక్కటి మొట్టి, అదే చేత్తో జుట్టు నిమిరింది.

సాయంత్రం రమ కండెలు చుట్టడం సగంలో ఆపి పుస్తకం తెరిచింది. బయట పిల్లలు భానును ఆటకు పిలుస్తున్నారు.

"అన్నా, జర నువ్వే చెప్పరాదు," అంది రమ.

"లెక్క మల్ల సదువుత, ఇను. కండెలు నేను చుడుత. నువ్వు నిమ్మళంగ చెయ్యి," అని భాను రాట్నం ముందు కూర్చున్నాడు.

చీకటి పడే వేళకు కండెలన్నీ అయ్యాయి. రమవి ఐదు లెక్కలయ్యాయి. అందులో రెండు తప్పు.

భాను చూశాడు. దిద్దకుండానే నోటుబుక్కు చెల్లి సంచిలో పెట్టాడు.